మైదుకూరు చలికి సోకైన సలహాలు

మైదుకూరులో చలికాలమే లేదనేవాళ్ళు ఉన్నారు. కడప ఎండల్లో పుట్టి పెరిగినవాళ్ళ మాట అది, పట్టించుకోకండి. చలికాలం ఉంది. డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి దాకా గట్టిగా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి మొదలై, పొద్దు పొడిచి కాస్త పైకొచ్చేదాకా ఉంటుంది. లెక్కేస్తే రోజుకు మూడు నాలుగు గంటలు. ఆ మూడు నాలుగు గంటల కోసం మిగతా ఇరవై గంటలూ ఏం తొడుక్కుని తిరగాలో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందు చలి వచ్చిందో లేదో తేల్చుకోవాలి. దానికి పేపర్లో వేసే ఉష్ణోగ్రతలు పనికిరావు. తెల్లవారుజామున 18, 20 డిగ్రీల దగ్గర ఆడే మన లెక్క, సున్నా దాకా దిగే లంబసింగి లెక్క పక్కన అచ్చయితే మనకే నామర్దా. స్నానాలగది గూట్లో కొబ్బరినూనె సీసా ఉంటుంది కదా, దాన్ని చూడండి. 24 డిగ్రీల దగ్గర ఆ నూనె పేరుకోవడం మొదలవుతుంది. సీసా తలకిందులు చేసినా చుక్క రాలకుండా, మూతి దగ్గర తెల్లటి గడ్డ అడ్డం పడి, చీపురుపుల్ల గుచ్చితే పుల్ల చుట్టూ మెత్తగా అంటుకుని వచ్చిందంటే ఇక సందేహం లేదు, స్వెట్టరు కిందికి దించండి. తెలివిలేనివాళ్ళు సీసాను తీసుకుపోయి పిట్టగోడ మీద ఎండలో పెడతారు. కాసేపటికే నూనె కరుగుతుంది, నూనెతోపాటు మీ చలికాలమూ కరిగిపోతుంది. సీసాను నీడపట్టునే ఉంచండి. ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి సాక్ష్యం కావాలి.

పై ఊళ్ళ పత్రికలు మూడు పొరలు తొడుక్కోమంటాయి. ఒంటికి అంటుకుని ఒకటి, దాని మీద వేడిని పట్టి ఉంచేది ఇంకొకటి, అన్నిటి పైన గాలిని ఆపేది. పొరకూ పొరకూ మధ్య చిక్కుకున్న గాలి ఒంటివేడిని బయటికి పోనివ్వదు, అదీ కిటుకు. చలి పెరిగితే ఒకటి తొడగాలి, తగ్గితే ఒకటి విప్పాలి అంటారు. ఈ విప్పే దగ్గరే వాళ్ళు దారి తప్పారు. డబ్బు పెట్టి కొన్నదాన్ని విప్పడమేమిటి? బనీను, చొక్కా, స్వెట్టరు, పైన జర్కిను అని తెల్లవారుజామున ఐదింటికి తొడుక్కున్నవి పగలు ఒంటిగంటకూ ఒంటి మీదే ఉండాలి. అప్పటికి 30 డిగ్రీలుంటుంది, చెమట కారుతుంది. కారనివ్వండి. ఆ తడి మీద సాయంత్రం గాలి తగిలితే వణుకు పుడుతుంది. ఈ ఊళ్ళో చలి ఉందన్న మీ మాట నిజమేనని అప్పుడు ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారు.

స్వెట్టరు ఎక్కడ కొనాలంటారా? నవంబరు వస్తే తెలుగు పట్టణాల్లో రోడ్డు పక్కన పట్టలు కట్టి, తాళ్ళ మీద రంగురంగుల స్వెట్టర్లు వేలాడదీస్తారు. అందరం నేపాలీవాళ్ళు అనేస్తాం గానీ వాళ్ళలో చాలామంది టిబెట్టు వాళ్ళు. 1959లో దలైలామా దేశం విడిచి వచ్చాక, ఆయన వెనకాలే వచ్చినవాళ్ళ పిల్లలు, మనవళ్ళు. కర్ణాటకలో బైలకుప్పె, ముండగోడు దగ్గర వాళ్ళ కాలనీలున్నాయి. సరుకు ఎక్కువగా పంజాబులోని లూధియానా నుంచి దింపుతారు. తక్కువ ధరకు దొరికేది చాలావరకు అక్రిలిక్. అసలు ఉన్ని కావాలని మొండికేయకండి, అక్రిలిక్కే మేలు. అది చెమట పీల్చదు, దుమ్మును మాత్రం వదలదు. విప్పేటప్పుడు చిటపటలాడి తల వెంట్రుకలన్నీ లేపి నిలబెడుతుంది. దువ్వెనతో పని ఉండదు.

సైజు విషయంలో పై ఊళ్ళవాళ్ళ సలహా అస్సలు వినొద్దు. సన్నగా కనపడాలంటే నిలువు చారలు, ముదురు రంగులు వేసుకోమంటారు వాళ్ళు. మన దగ్గర సన్నగా కనపడితే ఏమవుతుందో తెలుసు కదా? "ఏమబ్బీ, ఇట్లయిపోయినావు? షుగరా?" అని కూడలి దాటేలోపు ముగ్గురు ఆపి అడుగుతారు. నాలుగోవాడు పసరు మందు చెబుతాడు. అందుకని అడ్డచారలే ఎంచుకోండి, కొలతకన్నా రెండు సైజులు పెద్దది తీసుకోండి. భుజం కుట్టు మోచేతి దగ్గరికి దిగాలి. మనిషి కలిగినవాడనీ, ఇంట్లో నెయ్యి ఆడుతోందనీ చూసేవాళ్ళకు తెలియాలి.

నలుపు జోలికి పోవద్దు. నలుపు సన్నగా చూపిస్తుందన్న దోషం ఎలాగూ ఉంది. దానికి తోడు, నవంబరు నడిమి నుంచి మకరజ్యోతి దాకా ఈ ఊళ్ళో నల్లచొక్కా వేసినవాడు ఎవడైనా స్వామే. "స్వామీ, జరగండి", "స్వామికి శుభ్రమైన గ్లాసులో ఇయ్యప్పా" అంటారు. ఎగ్‌బజ్జీల బండి దగ్గర నిలబడ్డారో, బండివాడు మిమ్మల్ని చూసే చూపుకు తలెత్తుకోలేరు. మెడలో మాలలేని నలుపు ఈ రెండు నెలలూ ఒక అబద్ధంగానే చెల్లుతుంది. పైగా నిజం స్వాములు తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం చేసి, ఉత్త కాళ్ళతో, ఒక్క పలచటి గుడ్డతో మీ ఎదురుగా పోతుంటారు. వాళ్ళ పక్కన మీ జర్కిను వెలవెలబోతుంది.

మెడకు మఫ్లరు కొననక్కర్లేదు. ఎన్నికలప్పుడు పంచిన కండువాలు ప్రతి ఇంట్లో రెండు మూడు రంగుల్లో పడి ఉంటాయి. చొక్కాకు నప్పే రంగు చూసి చుట్టుకోండి. తాము పోయే వీధిని బట్టి రంగు ఎంచుకునేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళకు మ్యాచింగ్ తెలియదు.

చలి ఒంట్లోకి చెవుల్లోంచి దూరుతుందన్నది మన అవ్వల సిద్ధాంతం. అందుకని ముందు చెవుల్లో దూది, దాని మీద మంకీ టోపీ. ఈ టోపీకి పెద్ద చరిత్రే ఉంది. 1854లో క్రిమియా యుద్ధానికి పోయిన ఇంగ్లీషు సైనికులు బాలక్లావా అనే చోట చలికి తట్టుకోలేకపోతే ఇంటి నుంచి ఆడవాళ్ళు అల్లి పంపిన ఉన్ని ముసుగుల వంశం ఇది. యుద్ధరంగంలో గడ్డకట్టే చలికి పుట్టిన సరుకు పాల ప్యాకెట్ తేవడానికి సరిపోతుందా అని అనుమానపడకండి, సరిపోతుంది. దీనివల్ల ఇంకో సౌకర్యం, అప్పులవాళ్ళు గుర్తుపట్టరు. మీకు అప్పున్నవాళ్ళను మీరూ పట్టుకోలేరనుకోండి, వాళ్ళూ అదే టోపీలో ఉంటారు.

ఆ ఇంగ్లీషువాళ్ళ దగ్గరే మనం నేర్చుకోవాల్సింది మరొకటుంది. 19వ శతాబ్దంలో ఇండియాలోని వాళ్ళ సైనికులు ఎండాకాలంలో కూడా పొట్ట చుట్టూ ఫ్లానెల్ పట్టీ బిగించుకునేవాళ్ళు. పొట్టకు చల్లదనం తగిలితే కలరా వస్తుందని నమ్మకం. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో దొర 1827 జులై 6న మన పత్తికొండలోనే కలరాతో పోయాడు. పట్టీ కట్టుకుని ఉంటే బతికేవాడని నా గట్టి నమ్మకం. 1884లో కోక్ అనే జర్మన్ డాక్టరు కలకత్తా చెరువు నీళ్ళలో ఆ జబ్బు క్రిమిని పట్టి చూపించాడు, తప్పు పొట్టది కాదు, నీళ్ళది అని తేలిపోయింది. అయినా సైన్యం ఆ పట్టీని ఒక పట్టాన వదల్లేదు, ఇంకా ఏళ్ళ తరబడి కడుతూనే వచ్చింది. నమ్మినదాన్ని వదలకపోవడమంటే అదీ. మీరు పట్టీ కట్టలేకపోతే కనీసం స్వెట్టరు జేబులో నాలుగు కలరా ఉండలు వేసుకోండి. అత్తరు ఖర్చు కూడా తప్పుతుంది.

ఇక అసలు సరుకు దగ్గరికి వద్దాం. మన ప్రాంతంలో చలికి అన్నిటికన్నా ఘనమైన గుడ్డ కువైటు రగ్గు. రాజంపేట, రాయచోటి, కడప వైపుల నుంచి పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్ళు సెలవుకు వచ్చేటప్పుడు అత్తరు సీసాలు, నొప్పుల బామ్, పాలపొడి డబ్బాలతోపాటు దీన్ని తాళ్ళు బిగించి తెస్తారు. ఐదారు కిలోల బరువు. మీద పులి, లేకపోతే నెమలి, లేకపోతే పళ్ళెమంత గులాబీలు. ఎడారి దేశంలో రగ్గేమిటనుకోకండి, జనవరిలో కువైటులో తెల్లవారుజామున 8, 9 డిగ్రీలకు దిగుతుంది. అక్కడి చలికి నేసినదాన్ని ఇక్కడ 20 డిగ్రీల్లో కప్పుకుంటే, పడుకున్న గంటకు ఒక కాలు బయట పెట్టి, ఇంకో గంటకు ఫ్యాను వేసి, ఫ్యాను గాలికి మళ్ళీ ముసుగుతన్నాల్సి వస్తుంది. అందుకే చాలా ఇళ్ళలో అది జిప్పు సంచీలోంచి బయటికి రాకుండా, వచ్చేపోయేవాళ్ళకు కనపడేట్టు బీరువా మీదే కూర్చుని ఉంటుంది. అంత ఖరీదైన గుడ్డ బీరువాకు చలి కాయడం అన్యాయం. కోటు కుట్టించుకోండి.

చేయి తిరిగిన టైలరు దీనికి మొదట ఒప్పుకోడు. బతిమాలండి. రగ్గును బల్ల మీద పరిచి, బొచ్చును అరచేత్తో ఒకసారి ఇటూ ఒకసారి అటూ నిమిరి, చెవి మీది సుద్దముక్క తీసి ఒక గీత గీస్తాడు. గీత బొచ్చులో మునిగిపోతుంది. ఇంకోటి గీస్తాడు. అదీ మునుగుతుంది. అప్పుడు కళ్ళద్దాల పైనుంచి చూసి అడుగుతాడు.

"సార్, పులి మూతి యాడికి రావాల? వీపుకా, ఎదకా?"

వీపుకే అని చెప్పండి. ఎదురొచ్చేవాళ్ళను మీ ముఖం చూసుకుంటుంది, వెనక వచ్చేవాళ్ళకు ఏదో ఒకటి ఉండాలి.

"మరి తోక?"

తోక కుడిచేతి మీదికి తిప్పమనండి.

"సూదులు ఇరిగితే నన్నడగాకండి సార్."

సూదులు విరుగుతాయి. కోటు మాత్రం తయారవుతుంది. తొడుక్కున్నాక చేతులు ఒంటికి ఆనవు, రెండు పక్కలకూ ఎత్తిపెట్టుకుని నడవాలి. దీన్ని లోపమనుకోవద్దు. నాలుగు రోడ్ల దగ్గర కడప బస్సూ, పొద్దుటూరు బస్సూ, బద్వేలు బస్సూ, నంద్యాల బస్సూ ఒకేసారి వచ్చి ఆగినప్పుడు దిగే జనమంతా మీ చుట్టూ దారి చేసుకుని పోతారు. ఏ నాయకుడికీ దొరకని మర్యాద అది. బస్సెక్కితే సీట్లో పట్టరు గనుక రెండు టిక్కెట్లు తీసుకోండి.

అంత ఖర్చు పెట్టలేనివాళ్ళకు సన్మానం శాలువా ఉండనే ఉంది. మెరిసే అంచు, ఒళ్ళంతా జారుడు, వెచ్చదనం సున్నా. రిటైరైన హెడ్‌మాస్టర్ల ఇళ్ళలో ఇవి మడత విప్పకుండా దొంతర్లుగా ఉంటాయి, అడిగితే సంతోషంగా ఇస్తారు. అడగడం నామోషీ అయితే ఏ సభ జరిగినా వేదిక మెట్ల పక్కన నిలబడండి. ఒకటి ఎక్కువ తెచ్చే ఉంటారు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా సున్నితం. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళుండవు, మాఘంలో మొదలవుతాయి. తెల్లవారుజాము ముహూర్తమైతే పట్టుచీర మీద స్వెట్టరు తప్పదు. వేస్తే పైట అంచు కనపడదు, జాకెట్టు చేతుల మీది మగ్గం వర్కు కనపడదు, అన్నిటికన్నా ముఖ్యంగా పొద్దుటూరులో చేయించిన హారం కనపడదు. బంగారం అంగళ్ళకు సీమంతటా పేరుపడ్డ ఊరు కూతవేటు దూరంలో ఉండగా, దాని సరుకును అక్రిలిక్ కింద దాస్తే ఆ ఊరికి ఎంత అవమానం! హారం స్వెట్టరు మీదే వేయండి. గాజులు కూడా స్వెట్టరు చేతుల మీదుగానే ఎక్కించండి, ఎక్కకపోతే పెద్ద సైజు గాజులు చేయించమని పట్టుబట్టండి. వడ్డాణం స్వెట్టరు మీద బిగిస్తే నడుం దగ్గర కుచ్చులు వచ్చి మంచి ఆకారం వస్తుంది. మొత్తం ఈ సలహాల్లో ఒంటికి నప్పేది ఇదొక్కటే కాబట్టి వదులుకోవద్దు.

పసుపు తవ్వడానికి, ఉల్లిచేలల్లో పనికి చీకటితోనే ఆటో ఎక్కే కూలి ఆడవాళ్ళను చూసి మాత్రం ఏమీ నేర్చుకోవద్దు. కేసీ కాలువ కింది తడి చేల మీద నుంచి గాలి ఈడ్చి కొడుతుంటుంది. వాళ్ళు చీర మీద మొగుడిదో కొడుకుదో పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టి, కొసను గడ్డం కింద దోపుకుని కూర్చుంటారు. పొద్దున ఆ చొక్కా చలి ఆపుతుంది. పది దాటాక ఎండ ఆపుతుంది. పసుపు ఆకు గీరుకోకుండా చేతులను కాస్తుంది. రాత్రి ఉతికి దండెం మీద వేస్తే తెల్లారేసరికి ఆరుతుంది. ఒకే గుడ్డ ఇన్ని పనులకు రావడం చూస్తే ముచ్చటేస్తుంది, నిజమే. కానీ దానికి వాళ్ళు కొత్తగా పైసా పెట్టలేదు. డబ్బు పెట్టనిదాన్ని ఫ్యాషన్ అనడానికి వీల్లేదు.

బండి మీద పోయేవాళ్ళలోనూ ఇలాంటి పిసినారులున్నారు. దినపత్రికను నాలుగు మడతలు పెట్టి చొక్కా కింద ఎదకు అడ్డం పెట్టుకుంటారు. జర్కినును వెనకది ముందుకు చేసి, జిప్పు వీపుకు వచ్చేట్టు తొడుగుతారు. కాగితంలోంచి గాలి దూరదు, ఎద దగ్గర సందు ఉండదు, బద్వేలు దారిలో కొండగాలికి కూడా దగ్గు రాదు. బండి దిగగానే ఎదలోంచి పేపరు తీసి టీ అంగడి బల్ల మీద పరిచి చదువుకుంటారు, వెచ్చగా ఉంటుందట. ఒక పేపరు ఖరీదుతో పని జరిగిపోతే ఇక అంగళ్ళు ఎందుకు? మీ జర్కిను జిప్పు ముందుకే ఉండాలి, బార్లా తెరిచే ఉండాలి, లోపలి చొక్కాకు పై రెండు గుండీలు తీసి ఉండాలి. సినిమా హీరో అలాగే పోతాడు. అతనికి తుమ్ము వచ్చినట్టు ఏ సినిమాలోనూ చూపించలేదు.

కాళ్ళకు హవాయి చెప్పులు, వాటిలో సాక్సు. బొటనవేలి సందులో చెప్పు వారు సాక్సును లోపలికి తోసుకుంటూ పోతుంది, వారంలో అక్కడ చిల్లి పడుతుంది. చిల్లి పడ్డాక ఇబ్బందేమీ ఉండదు.

ఇక మన దారికి అడ్డం పడే మనిషి ఒకాయన ఉన్నాడు. సీమలో ఏ కూడలికి పోయినా తెల్లవారుజామున టీ అంగడి దగ్గర నల్ల కంబళి కప్పుకుని కనపడే పెద్దాయన. ఆ కంబళి దక్కనీ గొర్రె ఉన్నిది, కురుబవాళ్ళు గుంట మగ్గం మీద నేసింది. నూలుకు చింతగింజల గంజి పెడతారు గనుక కొత్తలో బిర్రుగా ఉండి ఒంటికి గుచ్చుకుంటుంది, వాడేకొద్దీ దారికొస్తుంది. ఆ ఉన్నిలో పుట్టుకతోనే కాస్త జిడ్డుంటుంది, నేత కూడా బిగువు, అందుకని తుంపర పడితే నీళ్ళు ఒక పట్టాన లోపలికి దిగవు. ఇంత మోటు గుడ్డను ఇంకా మోస్తున్నాడే అని మీకు జాలి కలగవచ్చు. అడిగి చూడండి.

"ఏం పెద్దాయనా, ఇంకా ఈ గొర్రెబొచ్చేనా? మంచి స్వెట్టరు ఒకటి కొనుక్కోరాదా?"

"కప్పుకుంటా, పరుసుకుంటా, వానొస్తే తలకు పెట్టుకుంటా. నీ స్వెట్టరు మింద కూసుంటావా అబ్బీ?"

దీనికి జవాబు చెప్పకుండా టీ డబ్బులిచ్చి వచ్చేయండి. ఏడున్నరకు ఎండ తగలగానే ఆయన కంబళి మడిచి భుజాన వేసుకుంటాడు. తొమ్మిదింటికి అరుగు మీద పరుచుకుంటాడు. మధ్యాహ్నం వేపచెట్టు కింద అదే దిండు. మూడు పొరల పని ఒక్క గుడ్డ చేస్తే, విప్పి పక్కన పెట్టడం కూడా ఇంత తేలికైతే, మనలాంటి సలహాదారులు ఏం కావాలి? అదృష్టవశాత్తూ కంబళ్ళు తగ్గిపోతున్నాయి. మాంసానికి గిరాకీ పెరిగాక కాపర్లు చాలామంది ఉన్ని రాని నెల్లూరు జాతి గొర్రెలకు మారిపోయారు. ఉన్ని లేకపోతే మగ్గం లేదు. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే ఆ ప్రశ్న అడిగేవాళ్ళు ఉండరు.

పెద్దల పేర్లు చెప్పి ఎవరైనా వాదనకు దిగితే బెదరకండి. గాంధీగారు 1921 సెప్టెంబరులో మదురైలో చొక్కా వదిలేసి, 1931లో లండన్ చలిలో రాజుగారి విందుకు కూడా కొల్లాయిగుడ్డా శాలువాతోనే వెళ్ళారు. 2006లో కడపలో పెట్టిన విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన వేమన యోగికైతే బొమ్మల్లో నూలుపోగే కనపడదు. ఇద్దరూ గొప్పవాళ్ళే, కాదనను. స్వెట్టరు విషయంలో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ మనకు అక్కరకు రారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మీరు పోనివ్వకండి. స్వెట్టర్లవాళ్ళు పట్టలు విప్పి మూటలు కట్టుకునే ముందు ధర బాగా దించుతారు, కొనాల్సింది అప్పుడే. కొన్నదాన్ని వచ్చే డిసెంబరు దాకా బీరువాలో దాస్తే మోడల్ పాతబడిపోతుంది గనుక ఆ రోజే తొడుక్కోండి. మార్చిలో కాస్త ఉక్కపోస్తుంది, ఏప్రిల్‌కు అలవాటవుతుంది. మే నెలలో మన ఊళ్ళో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు జిప్పు మెడదాకా లాక్కోవడం మాత్రం మరిచిపోకండి.